మూడు వందల మందికి వండినవాడు

నెల్లూరులో ఆ షోరూము మెట్లు ఎక్కేటప్పుడే జకరయ్య మనసులో ఒక మాట తేల్చుకున్నాడు. చూడడం వరకే, కొనేది లేదు. చూసినందుకు ఎవరూ డబ్బులు అడగరు కదా.

అతని భార్య జయశీల మాత్రం ఫ్రిజ్‌ల వైపు, టీవీల వైపు తల తిప్పకుండా నేరుగా అన్నం కుక్కర్ల వరుస దగ్గరికి నడిచి, చివర విడిగా పెట్టిన ఒకదాని ముందు ఆగింది. డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్న కూతురు ఏంజెలిన్ దాని మూత తీసి లోపలికి తొంగి చూసింది. చొక్కాకు శివశంకర్ అని పేరు తగిలించుకున్న సేల్స్ కుర్రాడు పరుగున వచ్చాడు.

"మంచిది పట్టుకున్నారు మేడమ్. పడుకోబోయే ముందు బియ్యం కడిగి, నీళ్లు పోసి, టైము పెట్టేయండి. తెల్లారి మీరు చెప్పిన టైముకు అన్నం రెడీ. లోపల ఇంకో గిన్నె ఉంది, గంజి దానంతటదే కిందికి దిగిపోద్ది. మీరు వార్చే పనే లేదు. అడుగంటదు, చల్లారదు."

"ఎంత?" అన్నాడు జకరయ్య.

"పద్నాలుగు వేలు సార్."

"అన్నం ఉడకడానికి పద్నాలుగు వేలా! అందులో అన్నంతో పాటు కూర కూడా వస్తదా ఏంది?"

కుర్రాడు నవ్వి మళ్లీ మొదలుపెట్టబోతే జకరయ్య చెయ్యెత్తి ఆపాడు. "అన్నం సంగతి నాకు చెప్పబాక తమ్ముడూ. కొడవలూరు మండలంలో యాడైనా అడుగు. చర్చిలో పండగొస్తే మూడొందల మందికి వార్చేది నేనే."

"అట్నా సార్! అయితే ఇంట్లో కూడా మీరే వండతారా?"

కుర్రాడు అమాయకంగానే అడిగాడు. ఏంజెలిన్‌కు నవ్వు ఆగలేదు. "ఇంట్లో ఆడోళ్లుండగా నేనెందుకు వండతా?" అన్నాడు జకరయ్య, అందులో అడగవలసింది ఏముందన్నట్టు.

అసలు వాళ్లు ఆ షాపుకు రావడానికి కారణం ఉంది. జయశీల హైవే పక్కనున్న రొయ్యల కంపెనీలో పదేళ్లుగా పని చేస్తున్నది. ఐసు నీళ్లలో చేతులు పెట్టి రొయ్యలను సైజుల వారీగా ఏరే పని. ఆమె కన్నూ చెయ్యీ తప్పు చెయ్యవని కంపెనీలో పేరు. ఇప్పుడు ఉదయం షిఫ్టుకు ఆమెను సూపర్‌వైజరుగా ఉండమన్నారు. వచ్చే సోమవారానికల్లా మాట చెప్పాలి. చిక్కల్లా ఒకటే. ఇప్పటి వ్యాను ఎనిమిదిన్నరకు వస్తుంది, ఉదయం షిఫ్టు వ్యాను ఐదున్నరకే వచ్చేస్తుంది. జకరయ్య ఇంట్లో ఏడున్నరకు పొగలు కక్కే అన్నం ఉండాలి. అది తిన్నాకే అతను పొలానికి పోతాడు. టిఫిన్ అతనికి గొంతు దిగదు. అతని తల్లి ఎలిశబెతుకు షుగరు, ఆమెకు గంజి వార్చిన అన్నమే కావాలి. పులుసూ కూరా ముందు రోజు సాయంత్రమే చేసి పెట్టవచ్చు. అన్నం మాటేమిటి? ఆ ప్రశ్నకు జవాబుగా జయశీల వెతికి పట్టుకున్నదే ఈ కుక్కర్.

"చేతిపంపుతో మందు కొడితే భుజం లాగుతుందని బ్యాటరీ పంపు కొన్నావు గదా నాన్నా. అప్పుడు మమ్మల్నెవర్నీ అడగలేదే?" అంది ఏంజెలిన్.

"అది పని గదమ్మా!" అన్నాడు జకరయ్య.

జయశీల కుక్కర్ మూత మీద నుంచి చెయ్యి తీసేసింది. "పదండి" అని ముందు నడిచింది. బస్సులో కొడవలూరు దాకా ఆమె కిటికీ వైపే తిరిగి కూర్చుంది. అలిగిందిలే, రెండు రోజుల్లో అదే సర్దుకుంటుందని జకరయ్య అనుకున్నాడు. చెడ్డ మనిషి కాడు అతను. తాగడు, చెయ్యెత్తడు, భార్య జీతం ఆమె చేతిలోనే ఉంచుతాడు. పాఠకులు గమనించవలసిన సంగతి కూడా ఇదే. ఇలాంటి అన్యాయాలు చెయ్యడానికి చెడ్డవాళ్లు అక్కరలేదు.

ఆ ఆదివారమే వాళ్ల చర్చిలో కోతకాల పండుగ. పంట ఇంటికొచ్చాక ప్రతి కుటుంబమూ కొత్త ధాన్యం తెచ్చి దేవునికి అర్పిస్తుంది. ఆరాధన అయ్యాక అందరికీ ప్రేమ విందు. విందు వంట మగవాళ్లది. అది వాళ్ల తాతల నాటి నుంచీ వస్తున్న పద్ధతి. చర్చి వెనక గాడిపొయ్యి తవ్వడం, గుండిగలు ఎక్కించడం, అన్నం వార్చడం అన్నీ వాళ్లే చేస్తారు. ఆడవాళ్లు ఆ ఒక్కరోజు కుర్చీల్లో కూర్చుంటారు. వాళ్లందరిలోకీ జకరయ్య పెద్ద చెయ్యి. ఒకడు నీళ్లు మోస్తుంటే, ఒకడు కట్టెలు ఎగదోస్తుంటే, నలుగురు బియ్యం కడిగి అందిస్తుంటే, అతను తెడ్డు పట్టుకుని మధ్యలో నిలబడ్డాడు.

"కొత్త బియ్యం రా ఇవి. మెతుకులో రవ్వంత పలుకు ఉండంగానే వార్చాల. ఇంకో నిమిషం ఆగినామంటే ముద్దయిపోద్ది" అని యువకులకు పాఠం చెబుతున్నాడు. "జకరయ్యన్న చెయ్యి పడితే అంతే" అని అందరూ మెచ్చుకుంటుంటే, ఆ పొగలో కూడా అతని ముఖం వెలిగిపోతున్నది.

గుండిగ మూతికి బట్ట కట్టి, నలుగురూ కలిసి పట్టి వంచారు. గంజి ధారగా కాలవలోకి దిగుతున్నది. సరిగ్గా అప్పుడే పాస్టరుగారి భార్య రెజీనమ్మగారు, ఆడవాళ్ల మధ్య కూర్చున్న జయశీలను పలకరించింది.

"సూపర్‌వైజరు ఉద్యోగం ఇచ్చినారంట గదా జయమ్మా, ఎప్పట్నించి?"

"రేపు పోయి వద్దని చెప్పేస్తానమ్మగారూ. ఐదున్నరకే పోవాలంట. పొద్దున్నే ఇంట్లో అన్నం ఎవురు వండతారు?"

ఆ మాట పొయ్యి దాకా వినబడింది. పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న ఎలిశబెతు కోడలి వైపు చూసింది, ఆవిరిలో నిలబడ్డ కొడుకు వైపు చూసింది.

"ఎవురు వండతారా? అదుగో, నీ ఎనకమాల మూడొందల మందికి వారస్తా ఉండాడే, ఆయన్నడుగు!" అంది.

చర్చి ఆవరణ గొల్లుమంది. అందరికంటే ముందు జకరయ్యే నవ్వాడు. నవ్వుతూ తలెత్తితే జయశీల అతన్నే చూస్తున్నది. ఆమె ముఖంలో కోపం లేదు, నవ్వూ లేదు. ఆ చూపు ముందు జకరయ్య నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ఇంకో రెండు గుండిగలు వార్చాడు గానీ ఆ పూట ఎవరి మెచ్చుకోలూ అతని చెవికెక్కలేదు.

సాయంత్రం ఇంట్లో తల్లిమీద విరుచుకుపడ్డాడు. "అందరి ముందరా నా పరువు తీస్తివే! అది దేవుని పని. ఇంటి వంట వేరు, అది వేరు."

"ఉన్న మాటంటే ఉలుకెక్కువ నాయనా" అంది ఎలిశబెతు. "ప్రభువే పొద్దున్నే సముద్రం ఒడ్డున బొగ్గులు రాజేసి శిష్యులకు చేపలు కాల్చి పెట్టినాడు. ఆయనకు లేని నామోషీ నీకేంది? ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నువ్వు రచ్చ గెలిచి ఇరవై ఏళ్లయింది. ఇంట్లో పొయ్యి ఎట్టా ముట్టిస్తారో నీకు తెలుసా?"

జకరయ్యకు పౌరుషం పొడుచుకొచ్చింది. "నాకు రాదా? మూడొందల మందికి వండినోడికి నలుగురికి వండేది ఒక లెక్కా! జయా, నువ్వు పోయి ఒప్పుకో. ఇంక అన్నం నాది."

జయశీల వెంటనే ఉబ్బిపోలేదు. "వారం తిరక్కుండా నావల్ల కాదంటే నేను ఉద్యోగం వదల్ను. ఆలోచించి చెప్పండి" అంది.

"ఆలోచించేదేముంది!"

సోమవారం ఆమె కంపెనీలో ఒప్పుకున్నది. మర్నాడు ఐదున్నరకు వ్యాను ఎక్కింది. జకరయ్య వంటింట్లోకి అడుగుపెట్టాడు.

అడుగుపెట్టగానే మొదటి చిక్కు ఎదురైంది. మూడు వందల మందికి ఎన్ని మూటలో అతనికి నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. నలుగురికి ఎన్ని బియ్యమో తెలియదు. తల్లిని అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. బస్తాలకు అలవాటు పడ్డ చెయ్యి కదా, అతను వేసిన బియ్యం ఉబ్బి ఉబ్బి మూతను పైకెత్తింది. ఆ పూట పక్కిళ్ల వాళ్లు తిన్నారు, వాళ్ల కోళ్లు కూడా తిన్నాయి. రెండో రోజు ఎసట్లో బియ్యం పోసి, రెండో పంటకు పోసిన ఎడగారు నారుమడికి నీళ్లు అందుతున్నాయో లేదో చూసొద్దామని వెళ్లాడు. తిరిగొచ్చేసరికి మాడువాసన వీధి మొగదల దాకా ఎదురొచ్చింది. మూడో రోజు వారుస్తుంటే మూత జారి గంజి బొటనవేలి మీద పడింది. చర్చిలో గుండిగను వంచడానికి నలుగురు ఉంటారు. ఇక్కడ గిన్నెకూ గుడ్డకూ మూతకూ కలిపి ఉన్నది అతని రెండు చేతులే. నాలుగో రోజు కాలవ నీళ్ల వంతు తనదే అయినా పొయ్యి దగ్గర నుంచి కదలలేక, సగం నీళ్లు పక్కమడికి పోవడం తెలిసి కూడా నిలబడిపోయాడు.

అయినా వెనక్కి తగ్గలేదు. కాలిన వేలికి గుడ్డపీలిక చుట్టుకుని ఐదో రోజూ ఎసరు పెట్టాడు. ఆ రోజు అన్నం అద్భుతంగా కుదిరింది. మెతుకుకు మెతుకు అంటలేదు, పలుకు లేదు, ముద్ద కాలేదు. తల్లికి, కూతురికి వడ్డించి ఎదురుగా నిలబడ్డాడు. ఎలిశబెతు తిని చెయ్యి కడుక్కుంది. ఏంజెలిన్ ఫోను చూసుకుంటూ తిని లేచింది.

"ఎట్టా ఉంది?" అని ఉండబట్టలేక అడిగాడు.

"ఏంది? ఆఁ, బాగుంది నాన్నా. బస్సుకు టైమైంది" అని వెళ్లిపోయింది.

జకరయ్య ఖాళీ పళ్లేల ముందు కూర్చుండిపోయాడు. అన్నం బాగుందని జయశీలతో తను ఎన్నిసార్లు అన్నాడో గుర్తు చేసుకోబోయాడు. ఒక్కటీ తట్టలేదు. ముద్దయిందని కసిరిన రోజు గుర్తుంది. పలుకుగా ఉందని పళ్లెం నెట్టిన రోజు గుర్తుంది. ఇరవై ఏళ్ల అన్నంలో అతనికి జ్ఞాపకమున్నవన్నీ చెడిపోయిన పూటలే. సిగ్గేసింది అతనికి. ఎవరూ చూడకపోయినా తల దించుకుని పళ్లేలు తీసుకెళ్లి కడిగాడు.

తొమ్మిదో రోజు అన్నం వార్చి, తిని, నెల్లూరు బస్సెక్కాడు. షోరూములో శివశంకర్ అతన్ని గుర్తు పట్టాడు.

"రండి సార్. ఆ కుక్కరే గదా? రేటు మాత్రం తగ్గలేదు సార్, అదే పద్నాలుగు వేలు."

"అదే కట్టు."

"ఆ రోజు మరీ ఎక్కువన్నారే సార్?"

"ఆ రోజు వండేది మా యావిడ" అన్నాడు జకరయ్య చటుక్కున. "ఇప్పుడు వండేది నేను."

కుర్రాడు పెద్దగా నవ్వాడు. జకరయ్య నవ్వలేదు. తన నోట్లోంచి వచ్చిన మాట తనకే ఎదురు తిరిగి నిలబడింది. బిల్లు రాసేంతసేపూ కౌంటరు అంచు పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

షిఫ్టు దిగి మధ్యాహ్నం ఇంటికొచ్చిన జయశీలకు వంటింటి గట్టు మీద కొత్త కుక్కర్ కనిపించింది. జకరయ్య దాచకుండా అంతా చెప్పాడు, షాపులో అన్న మాటతో సహా. ఆమె మూత తీసి లోపలి గిన్నె చూసి, మళ్లీ పెట్టేసింది.

"నేనడిగినప్పుడూ పద్నాలుగు వేలే, ఇప్పుడూ పద్నాలుగు వేలే. రేటు మారలేదు గదండీ" అంది.

"మారలేదు జయా. తప్పు నాదే."

"సరే. మరి కుక్కర్ వచ్చేసింది గదా. ఇంక బియ్యం కడిగేది మళ్లీ నేనేనా?"

"కుక్కర్ నాది. నువ్వు మూత కూడా ముట్టుకోబాక!"

జయశీల నవ్వింది. ఆ షోరూము మెట్లు దిగినప్పటి నుంచి ఆమె నవ్వడం అదే మొదలు. లోపలి నుంచి ఎలిశబెతు, "ముందు ఆ గంజి ఎట్టా దిగుతుందో నాకు చూపించండి" అని కేకేసింది.

తర్వాతి ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేళ్లకు సాక్ష్యాలు చెప్పే వేళ జకరయ్య లేచి నిలబడ్డాడు. పంట బాగా పండినందుకు కృతజ్ఞత చెబుతాడని అందరూ అనుకున్నారు. అతను కట్టు విప్పని బొటనవేలిని ఒకసారి చూసుకుని, ఆడవాళ్ల వరుసలో మూడో చాప మీద కూర్చున్న భార్య వైపు తిరిగాడు.

"సంఘానికి వందనాలు. మూడొందల మందికి వండతానని ఇన్నాళ్లూ మురిసిపోయినాను. ఏడాదికి ఒకపూట వండినాను, పదిమంది సాయం చేస్తా ఉంటే వండినాను, మీరంతా మెచ్చుకుంటా ఉంటే వండినాను. మా ఇంట్లో ఒక మనిషి ఇరవై ఏళ్లుగా రోజూ వండింది. ఒంటిగా వండింది. ఒక్కరం మెచ్చుకోలేదు. నేనైతే దాన్ని పని అని కూడా అనలేదు." అప్పుడతను మగవాళ్ల వైపు తిరిగాడు. "మీ ఇళ్లల్లో కుక్కర్ కొనాలా వద్దా అని మాటొస్తే, దాని విలువెంతో తినేవాళ్లు తేల్చబాకండి. పొయ్యి ముందర నిలబడేవాళ్లను అడగండి. అడగడానికి నామోషీ అయితే, తొమ్మిది దినాలు మీరే నిలబడి చూడండి."