వెనక బెంచీలో నాన్న

క్షవరం చేసేవాడికి చేతికన్నా నోరు ఎక్కువ ఆడుతుందంటారు. నా విషయంలో అది అక్షరాలా నిజం. ఆ ఉదయం మందుల షాపాయన గడ్డానికి నురగ పట్టించి, ఆయన నోరు తెరవలేని అదను చూసుకుని ఉపన్యాసం అందుకున్నాను.

"ట్యూషన్లూ గీషన్లూ ఎందుకండీ? పిల్లలు రోజూ బడికెళ్తే చాలు, చదువు అదే వస్తుంది. మా అమ్మాయిని చూడండి. పదో తరగతి. ఎండైనా వానైనా పొద్దున్నే యూనిఫాం వేసుకుని గడప దాటాల్సిందే!"

అంతలో ఫోను మోగింది. చేతులకు నురగ ఉందని మోచేత్తో స్పీకరు నొక్కాను. నా తెలివితేటలకు అదొక మచ్చుతునక.

"నేను మీ అమ్మాయి లెక్కల టీచర్నండీ. పాపకి జ్వరమని తోటి పిల్లలు చెప్పారు, తగ్గిందా? బడికి వచ్చి చాలా రోజులైంది. పాఠాలు పోతున్నాయండీ."

మందుల షాపాయన అద్దంలోంచి నా మొహం చూశాడు. "జ్వరమా? మా షాపుకి రాలేదే!" అన్నాడు నురగలోంచే.

మిగతా సగం గడ్డం ఎలా గీశానో నాకు గుర్తులేదు. ఆయనకు గుర్తుండే ఉంటుంది, చెవి కింద గాటు పడింది.

మా ఆవిడ ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే చోట పనిచేస్తుంది. ఫోన్ చేస్తే, "నా ముందే బ్యాగు తగిలించుకుని వెళ్ళిందండీ," అంది. మళ్ళీ తనే, "మీ చెల్లెలి ఇంటికెళ్ళి చూడండి," అంది. "బడి మాన్పించి అక్కడ అలవాటు చేసింది మీరేగా."

కాదనడానికి లేదు. నెల క్రితం మా చెల్లెలికి బాబు పుట్టాడు. సాయానికి మనిషి లేదంటే, ఓ వారం పిల్లని బడి మాన్పించి పంపాను. మా ఆవిడ వద్దంటే, "వారం రోజులకి కొంపలేం మునిగిపోవు" అని కొట్టిపారేశాను.

చెల్లెలి ఇల్లు మూడో అంతస్తులో ఉంది. ఆయాసపడుతూ ఎక్కి తలుపు కొడితే మా అమ్మాయే తీసింది. యూనిఫాం మీద పాలమరకలు, భుజం మీద నిద్రపోతున్న పసివాడు.

లోపల్నుంచి చెల్లెలు, "రా అన్నయ్యా! బడికి సెలవులిచ్చి మంచి పని చేశారు. సెలవుల్లో కూడా ఈ యూనిఫాం ఏంటో గానీ, ఇది లేకపోతే నా పని గోవిందా!" అంది.

గట్టిగా అరుద్దామని నోరు తెరిచాను. "ష్... ఇప్పుడే పడుకున్నాడు," అంది అమ్మాయి. దాంతో నా జీవితంలో మొదటిసారి గుసగుసగా తిట్టాల్సి వచ్చింది. గుసగుసగా తిడితే ఎవరూ భయపడరని అప్పుడే తెలిసింది.

"ఎందుకే ఈ దొంగ వేషాలు?"

"వారం తర్వాత వెళ్తే లెక్కల్లో ఏదీ అర్థం కాలేదు నాన్నా. వర్గ సమీకరణాలట. మేడం ఏదో అంటే అందరూ నవ్వారు, నాకు నవ్వు రాలేదు. ఆ జోకు నేను లేని రోజుదట. మర్నాడు వెళ్ళాలంటే భయమేసి మానేశాను. మానేకొద్దీ ఇంకా భయమేసింది..." అంటూ పసివాణ్ణి ఇంకాస్త దగ్గరికి పొదువుకుంది.

నా కోపమంతా నీరుగారిపోయింది. పోనీ ఊరుకున్నానా? "ఇంతేనా! లెక్కలే కదా, రేపు నీతో నేనూ వస్తాను. విని నీకు చెప్తాను," అన్నాను. ఆ మాట అన్నది నా నోరే. నా బుర్రకి దాంతో సంబంధం లేదు.

మర్నాడు స్టాఫ్ రూములో మేడంకి జరిగింది చెప్పి, వెనక కూర్చుని వినొచ్చా అని అడిగాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "కూర్చోండి, కానీ మాట్లాడకూడదు," అన్నారు. మందుల షాపాయన ముందే చెప్పి ఉంచాడేమో అనిపించింది.

మోకాళ్ళు గడ్డానికి తగులుతూ ఉంటే, వెనక బెంచీలో ఇరుక్కుని కూర్చున్నాను. పక్కనే మా అమ్మాయి, నేనెవరో తెలియనట్టు గోడ వైపు చూస్తూ ఉంది. మేడం బోర్డు నిండా అక్షరాలు రాశారు. వాటి నెత్తిన చిన్న చిన్న రెళ్ళు. నేను బుద్ధిమంతుడిలా తల ఊపుతూ ఉంటే, "మీకు అర్థమైందాండీ?" అని అడిగారు.

"ఆ పైన రెండు ఎందుకండీ?"

క్లాసంతా గొల్లుమంది. మేడం నవ్వాపుకుని, "అది మొదటి రోజు చెప్పానండీ," అన్నారు.

అప్పుడు మా అమ్మాయి గోడ మీంచి చూపు తిప్పి, "దాన్నే దానితో గుణించినట్టు నాన్నా," అంది మెల్లగా. క్లాసు నవ్వింది నన్ను చూసి. తనని చూసి ఎవరూ నవ్వలేదు. ఆ సంగతి తను గమనించిందని, నిటారుగా కూర్చోవడంలోనే తెలిసింది.

భోజనాల వేళ మేడం మా ఇద్దర్నీ పిలిచారు. పోయిన పాఠాలన్నీ మొదట్నుంచి చెప్తాను, రోజూ ఈ టైముకి రమ్మన్నారు. మొదటి రోజు నాకూ కాస్త అంతుపట్టింది. రెండో రోజు షాపులో రద్దీ, వెళ్ళలేకపోయాను. మూడో రోజు వెళ్తే బోర్డు మళ్ళీ పరాయి దేశంలా కనిపించింది. అమ్మాయి మాత్రం లెక్క వెనక లెక్క చేసుకుంటూ పోతోంది.

ఇక నేను వెళ్ళలేదు. తను ఒక్క రోజూ మానలేదు. మా చెల్లెలు సాయానికి ఒక ఆవిణ్ణి కుదుర్చుకుంది.

మొన్న సాయంత్రం బడి గేటు దగ్గర మేడం కనిపించి, "మీరు రావడం మానేశారేమండీ?" అని అడిగారు. ఏ సాకు చెప్పాలా అని నేను తడుముకుంటూ ఉంటే, మా అమ్మాయే జవాబిచ్చింది.

"మా నాన్నకి చదువు మీద శ్రద్ధ లేదు మేడం. ఇంట్లో ఎంత చెప్పినా వినడు."