నాగపూర్‌కు ఎండుచేపలు

ఆ ఏడు మహారాష్ట్ర అంచున ఉన్న మా తెలుగు ఊరు అంకిసలో గుండె డాక్టర్లు ముగ్గురు. ఒకరు వల వేసే పోచన్న, ఇంకొకరు మంత్రసాని వెంకటవ్వ, మూడోవాణ్ణి నేనే, మరాఠీ బడి పంతులుని. మా పక్కింటి ఎల్లన్న భార్య రాజక్కను గుండె కవాటం చెడిందని నాగపూర్ ఆసుపత్రిలో చేర్చినప్పటి నుంచి మా వైద్యం జోరుగా సాగింది. రోగి మాత్రం మూడు బస్సుల దూరంలో ఉంది.

తోడుగా వెళ్ళిన ఆమె చెల్లెలు యాదక్క వార్డులో ఎవరితోనో మరాఠీలో ఉత్తరాలు రాయించేది. ఎల్లన్న ఇంటి అరుగు మీద అందరికీ చదివి తెలుగులో చెప్పే గౌరవం నాది. గుండెలో తలుపు సరిగా తెరుచుకోవడం లేదు, ఒంట్లో నీరు చేరింది, కాళ్ళ వాపు తగ్గితేనే ఆపరేషన్, ఉప్పు ముట్టనివ్వడం లేదు. ఇదీ మొదటి ఉత్తరం.

తలుపు సంగతి ఎవరికీ పట్టలేదు. ఉప్పు దగ్గరే అరుగంతా భగ్గుమంది. జబ్బు ఛాతీలో ఉంటే నాలుకకు శిక్ష ఏమిటని పోచన్న అడిగాడు. చప్పిడి కూడు తింటే మంచి మనిషే ఉబ్బుతాడని వెంకటవ్వ తేల్చింది. ఏ రోగానికైనా ఉప్పు మాన్పించడం డాక్టర్లకు అలవాటేనని నేను, చదువుకున్నవాణ్ణి కదా, ముద్ర వేశాను.

ఇక ఎల్లన్న ఆగుతాడా? గోదావరి చేపలకు ఉప్పు బాగా పట్టించి ఎండబెట్టి, వేయించి, మామిడి తొక్కుతో కలిపి మూటగట్టి సర్కారు ఎస్టీ బస్సు డ్రైవర్ భీముకు ఇచ్చాడు. అహేరిలో ఇంకో డ్రైవర్, ఆపైన మరొకడు. చేతులు మారి అది రాజక్క మంచం దాకా చేరేది.

వారానికి ఉత్తరం వచ్చింది, వాపు పెరిగిందని. అదంతా చప్పిడి కూటి పుణ్యమేనని ఎల్లన్న రెండు మూటలు పంపాడు. వాపు ఇంకా పెరిగింది, ఆపరేషన్ వాయిదా పడింది. ఎల్లన్న మూడు మూటలు కట్టాడు. అంత దూరం నుంచి అంత శ్రద్ధగా భార్యను ముంచుతున్న మొగుణ్ణి నేనెక్కడా చూడలేదు. మెచ్చుకున్నాను కూడా.

ఐదో వారం యాదక్కే బస్సు దిగి నేరుగా అరుగు దగ్గరికి వచ్చింది. తాను వంటకు బయటికి పోయినప్పుడు అక్క మూటలు అందుకొని పరుపు కింద దాచేదట. వాసన వస్తే పక్క మంచం ఆమెను అనుమానించానని చెప్పింది. ముందురోజు నర్సు పరుపు ఎత్తితే అన్నీ బయటపడ్డాయి.

"బావా, డాక్టర్లు అక్క ఒంట్లకెళ్ళి నీళ్ళు తీస్తుంటే నువ్వు గీడికెళ్ళి నింపుతున్నవు. ఉప్పు నీళ్ళను పట్టుకుంటదట. పండుకుంటే ఊపిరాడక కూసొనే ఉంటున్నది."

ఎల్లన్న మొహం తెల్లబోయింది. "తినొద్దని తెల్సు గద, మరెందుకు తిన్నది?"

"నేనూ గదే అడిగిన. లగ్గమై పదారేండ్లాయె, నా మగడు నాకని చేసి పంపినయి గివ్వే, పారేయబుద్ధి గాలే అన్నది."

పోచన్న, వెంకటవ్వ ఏదో పని గుర్తొచ్చినట్టు లేచిపోయారు. ఎల్లన్న ఏడ్చాడు. ఆ ఉత్తరాలు చదివిన నోటితో నేనేం ఓదారుస్తాను? సిగ్గేసి తల దించుకున్నాను. ఆ మధ్యాహ్నమే అతను భీము బస్సెక్కాడు, ఒట్టి చేతులతో.