గడప ముందు గీత

నేను ఒక కొబ్బరిచిప్పను. మనుషుల్లో చిప్ప చేతికొచ్చిందంటే బతుకు చితికిపోయిందని లెక్క. మా వీరవేణమ్మగారి చేతికి నేను వచ్చింది మాత్రం ఆవిడ కాపురానికొచ్చిన కొత్తలో. కోనసీమ కాయ పగిలింది, కొబ్బరి పచ్చడైంది, పీచు గీకి నున్నగా చేసిన నాలో వాళ్ల అత్తగారు ముగ్గుపిండి పోసుకున్నారు. నడుం వంగనని మొరాయించాక నన్ను కోడలికి అప్పగించారు. అప్పటినుంచీ రోజూ వాకిట్లో మొదటి పని నాదే.

వీరవేణమ్మగారి భర్త త్రిమూర్తులుగారు గోదావరి మీద లాంచీ నడిపిన మనిషి. శకునం చూడనిదే గడప దాటేవారు కాదు. పని మానేశాక కూడా సాయంత్రం రేవుకెళ్లి నీళ్ల ముందు కూర్చుంటేగాని ఆయనకు రోజు గడిచినట్టుండేది కాదు. అలాంటి మనిషి ఒకనాడు గడప మీద నిలబడిపోయారు. కాలు లేవలేదు.

"ఎవరెదురొచ్చారేంటండీ? కూర్చోండి, మంచినీళ్లు తాగి బయల్దేరుదురుగాని," అన్నారు ఆవిడ.

తాగారు. మళ్లీ అక్కడే ఆగారు. నేరం పక్కింటి పిల్లి మీద పడింది. పాపం, దాన్ని నెలల తరబడి తరిమారు. ఈలోగా ఆయన చెయ్యి వణకసాగింది, మొహంలో నవ్వు కనబడడం మానేసింది. తనమీద కోపమేమోనని ఆవిడ ముగ్గేస్తూ ఏడవడం నేను చూశాను.

చివరికి కాకినాడ డాక్టరుగారు చెప్పారు: "ఇది పార్కిన్సన్స్ అమ్మా. మెదడులో కదలికను నడిపించే కణాలు మెల్లగా క్షీణిస్తున్నాయి. కాళ్లల్లో బలముంది, కదలమనే కబురే సరిగా అందట్లేదు. మొహం కూడా అందుకే అలా ఉంది, కోపం కాదు. పూర్తిగా నయం కాదు, మందులతో తేలికపడతారు." పిల్లి బతికిపోయింది.

మందులు వేసుకున్నా గడప మాత్రం ఆయన్ని వదల్లేదు. రేవు మాటెత్తితే కళ్లు తిప్పుకునేవారు. ఒక ఉదయం ఆయన అలా ఇరుక్కుని ఉండగా, ఆవిడ సరిగ్గా ఆయన పాదాల ముందు గీత లాగి, అలవాటుకొద్దీ "ముగ్గు తొక్కకండి!" అని కేకేశారు. ఆయన కాలెత్తి గీత దాటారు! ఆవిడ నోరు తెరుచుకుని చూసి, ఇంకో గీత లాగారు. అదీ దాటారు. కాలికి అందని కబురు కంటికి కనబడే గీత అందిస్తోందన్నమాట.

ఆ సాయంత్రమే రేవుకు బయల్దేరారు. నన్ను చేతబట్టుకుని ఆవిడ ముందు, ఆయన వెనక. ఆయన ఆగినచోటల్లా ఒక గీత. "ధనుర్మాసం ముందే వచ్చేసిందేంటండీ?" అని వీధి నవ్వింది. నవ్వితే నవ్వనీ.

కాలం గడిచేకొద్దీ ఆయన ఆగే చోట్లు ఎక్కువయ్యాయి. జబ్బు ముదురుతోందని నాకు తెలిసేది అలాగే, నేను తొందరగా ఖాళీ అయ్యేదాన్ని. అది తెలిసినప్పుడల్లా నాకు దిగులే.

నిన్న రేవు కనబడుతుండగానే నాలో పిండి అయిపోయింది. ఆయన ఆగిపోయారు. ఆవిడ నన్ను బోర్లించి తట్టి చూశారు. తర్వాత చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తి, తన పాదం ఆయన ముందు అడ్డంగా పెట్టారు.

"దాటండి."

"మనిషిని దాటకూడదే. ఎదగరంటారు," అన్నారాయన సన్నటి గొంతుతో.

"నాకింకా ఎదిగే వయసేంటండీ! దాటండి."

ఆయన మొహం కదలలేదుగాని, భుజాలు నవ్వాయి. కాలెత్తి దాటారు. ఆవిడ రెండో పాదం పెట్టారు.