సిరిల్ హావ్రిల్లా ఎడమ మలుపు

“ఫోను కింద పెట్టవోయ్! కొంపలేమైనా మునిగిపోతున్నాయా?” అంటూ బెర్నడెట్ హావ్రిల్లా స్టాపు బోర్డు కర్రతో తెల్లవ్యాను బానెట్ మీద టకటకా కొట్టింది. లోపలి కుర్రాడు ఉలిక్కిపడి “సారీ, మిస్ బెర్నీ!” అన్నాడు. “నీ సారీ ఎవడిక్కావాలి, కళ్ళు రోడ్డు మీద పెట్టు,” అని ఆవిడ పిల్లల్ని దాటించి మళ్ళీ కాలిబాట ఎక్కింది.

పొట్టి మనిషి. నారింజరంగు చొక్కా కింద రెండు స్వెట్టర్లు తొడగడంతో ఎటునుంచి చూసినా గుండ్రంగానే ఉంటుంది. చలికి ముక్కు కందిపోయి, ఊలుటోపీ కిందనుంచి తెల్లజుట్టు పీచులా బయటికొస్తుంది. పిట్స్‌బర్గ్‌లో ఆ కొండవీధి మలుపు దగ్గర బడిపిల్లల్ని రోడ్డు దాటించడమే ఆవిడ ఉద్యోగం. తనకు పిల్లల్లేరు. ఒకప్పుడు తన చెయ్యి పట్టుకుని దాటినవాళ్ళే ఇప్పుడు కార్లలో వచ్చి తనచేత చీవాట్లు తింటున్నారు. ఆ ఉద్యోగం అంటే ఆవిడకి ప్రాణం.

జనం బళ్ళెక్కగానే ఎందుకలా తయారవుతారో ఆవిడకో లెక్కుంది. వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. చర్చిలో తలుపు పట్టుకుని “ముందు మీరు వెళ్ళండి” అనే పెద్దమనిషే, కారు తలుపు వేసుకున్నాడంటే చాలు, తనింట్లో తనున్నట్టే. కాఫీ పక్కనే, పాట పక్కనే. తన వంటింట్లో ఎర్రదీపం పెడితే ఎవడైనా ఆగుతాడా చెప్పండి? అందుకే ఆవిడ బానెట్ కొట్టేది. ఎవరో వచ్చి తలుపు తట్టినట్టు ఉంటుందని.

ఆ ఊరికి మరో వింత మర్యాద ఉంది. అక్కడ బళ్ళు కుడిపక్కన పోతాయి కనక, ఎడమకి తిరగాలంటే ఎదురొచ్చే వరుసకి అడ్డం పడి పోవాలి. పచ్చదీపం పడగానే, ఎదుటి వరుసలో మొదటివాడు తాను కదలకుండా, లైటు ఒకసారి మిణుక్కుమనిపించి, తిరిగేవాణ్ణి ముందు పోనిస్తాడు. చట్టం ప్రకారం తప్పే. కానీ అలా పోనివ్వకపోతే “వీడెక్కణ్ణుంచి ఊడిపడ్డాడు?” అంటారు. ఒక్క కారుకే ఆ మర్యాద. ఆ ఒక్కటీ పోయేదాకా బెర్నడెట్ పిల్లల్ని చేతులు చాపి ఆపుతుంది, పోయాక వదులుతుంది.

ఇంత నోరున్న మనిషి ఇంట్లో ఒక్కమాట అనలేక చస్తోంది. మొగుడు సిరిల్‌కి చలికాలం మొదట్నుంచీ చూపు మసకేసింది. ఇక బండి తోలొద్దని డాక్టరు ఖండితంగా చెప్పాడు. చెవిన పెడితేగా! “జీవితమంతా సిటీబస్సు నడిపినవాణ్ణి. కళ్ళకేం తెలుసే, దారి నా చేతులకి తెలుసు,” అంటాడు. ప్రతి శుక్రవారం చర్చి వంటశాలకి ముసలమ్మల్ని, చర్చికోసం అమ్మే చేపలవేపుడు వండడానికి, తీసుకెళ్ళేది ఆయనే. తన నీలం కారు లేకపోతే ఆయన ఏమైపోతాడోనని ఆవిడ బెంగ. ఉంటే ఏ పసిబిడ్డ ఏమైపోతుందోనని అంతకన్నా బెంగ. వీధిలో పులి, ఇంట్లో పిల్లి అంటే ఆవిడే.

ఆ పొద్దున తెల్లవ్యాను పోయిన కాసేపటికి, ఎడమకి తిరగడానికి రెండు కార్లు ఆగి ఉన్నాయి. రెండోది నీలంది. పచ్చదీపం పడింది. ఎదుటి వరుసలో మొదటున్న బేకరీ యజమాని గోర్మన్ లైటు మిణుక్కుమనిపించాడు. మొదటి కారు తిరిగిపోయింది. బెర్నడెట్ పిల్లల్ని వదిలింది. నీలం కారు, ముందుకారు వెనకదీపాలే దిక్కన్నట్టు, దాని వెనకే తిరిగేసింది.

 ఆవిడ ఒక్క ఉరుకున అడ్డం పడి బోర్డు పైకెత్తి “ఆగు!” అని అరిచింది. కారు కీచుమంది. బంపరు వచ్చి ఆవిడ మోకాలికి ఆనీ ఆనకుండా నిలబడింది.

అద్దం కిందికి దిగింది. సిరిల్ తల బయటపెట్టి, కళ్ళు చికిలించి, అడిగాడు.

“ఎవరది?”

 వెనకున్న కార్లలో ఒక్కడూ హారన్ కొట్టలేదు. ఆవిడ ముందు పిల్లలందర్నీ అవతలికి చేర్చింది. ఆ తర్వాత వచ్చి కిటికీ దగ్గర వంగింది.

“నేనేనయ్యా.”

“నువ్వా, బెర్నీ? పిల్లలు?”

“అందరూ దాటారు. ఎవరికీ ఏం కాలేదు.”

 ఆయన ఇంజను ఆపి, దిగి, తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టాడు. “పక్కకి పెట్టించు.”

“నాకు తోలడం వస్తే కదా!”

“ఊరందరికీ బండి తోలడం నేర్పుతావు, నీకు మాత్రం రాదు,” అని ఏడవలేక నవ్వాడు. గోర్మనే దిగొచ్చి కారు పక్కకి పెట్టాడు. వెళ్తూ “శుక్రవారం ముసలమ్మల్ని నేను తీసుకెళ్తా, సిరిల్. నిన్నూ కూడా,” అన్నాడు.

సాయంత్రం సిరిల్ చెల్లెలి కూతురు కోలెట్ వచ్చి కారు తీసుకెళ్ళింది. ఆయన వాకిట్లో నిలబడి, అది వీధి చివర మలుపు తిరిగిన చప్పుడు వినిపించేదాకా కదల్లేదు. లోపలికొచ్చి, వెన్నలో వేగిన క్యాబేజీ నూడుల్సు రెండోసారి వడ్డించుకున్నాడు.

“బాధగా ఉందా?” అందావిడ.

“ఉంది. కానీ ఇవాళ రాత్రి హాయిగా నిద్రపడుతుందే. చాలా రోజులైంది.”

“నాకూనూ,” అని ఆవిడ కళ్ళు తుడుచుకుని, ఆయన పళ్ళెంలోంచే ఓ ముద్ద తీసుకుంది.

భోంచేశాక ఆయన వంటింట్లోని రేకు కుర్చీ ఒకటి పట్టుకుని, గోడ తడుముకుంటూ బయల్దేరాడు.

“ఎక్కడికయ్యా?”

“మన జాగాకి.”

ఇంటిముందు కారు పెట్టుకునే చోట కుర్చీ వేస్తే ఆ జాగా ఆ ఇంటివాళ్ళది. చట్టంలో లేదు, ఊరు మాత్రం తప్పదు. ఇక కారే లేదయ్యా అనబోయి, బెర్నడెట్ ఊరుకుంది. కిటికీలోంచి చూస్తూ నిలబడింది.

సన్నగా మంచు పడుతోంది. జాగా దొరక్క తిరుగుతున్న బళ్ళు ఒక్కొక్కటే వచ్చాయి. పొద్దున్న ఆవిడచేత తిట్లు తిన్న తెల్లవ్యాను కూడా వచ్చింది. వచ్చినవాడల్లా అక్కడికి రాగానే నెమ్మదించి, చూసి, మారుమాట లేకుండా ముందుకి పోయాడు. వీధి దీపం వెలుగులో, ఖాళీ జాగా నడిమధ్యన, సొట్టపడిన రేకు కుర్చీ మీద మంచు మెత్తగా పేరుకుంటోంది.