రెండు బిళ్లలు, ఒక గురక

మా బావ నడవడు. ఎదురింటికి వెళ్లాలన్నా బండి తీస్తాడు. అలాంటి మనిషి చేతికి అడుగులు లెక్కపెట్టే బిళ్ల కట్టుకుని తిరుగుతున్నాడంటే అది అడుగుల మీద ప్రేమ కాదు, పట్టీల మీద. బిళ్ల వెనక చిన్న మీట నొక్కితే పాత పట్టీ ఊడొస్తుంది, కొత్తది టక్కున కూర్చుంటుంది. చొక్కాకో రంగు పట్టీ కొన్నాడు. చెప్పుల షాపు మేనేజరు కదా, జనం చెప్పులు చూడ్డానికి వస్తే ఈయన చెయ్యి చూపించేవాడు. కళ్లు మూసుకుని కూడా మార్చొచ్చని చెప్పి, నా ఎదుట కళ్లు మూసుకుని మరీ మార్చాడు. ఆయన చేసే వ్యాయామం మొత్తం అదే.

మా ఇంటికి రంగులు వేస్తున్నారని, నాలుగు రోజులుండి పోదామని అక్క ఇంటికి వచ్చాను. ఆ రంగులు ఎప్పుడో ఎండాయి. కానీ హాల్లో సోఫా మెత్తగా ఉంది, అక్క చేతి వంట ఉంది, ఆటపట్టించడానికి బావ ఉన్నాడు. ఇంకేం కావాలి?

ఆ ఇంట్లో ఉన్న గొడవల్లా ఒక్కటే, గురక. బావ పెడతాడని అక్క అంటుంది, అక్కే పెడుతుందని బావ అంటాడు. పెళ్లయిన దగ్గర్నుంచీ నడుస్తున్న దావా అది. గురక ఎవరిదో నాకు తెలుసు. అక్క ఊళ్లో లేని రోజుల్లో కూడా వాళ్ల పడగ్గది తలుపు వణుకుతూనే ఉంటుంది. కానీ చెప్పేస్తే సరదా పోతుందని నోరు మెదపలేదు.

ఈసారి వ్యవహారం సరదాగా లేదు. అక్క పళ్ల డాక్టరు దగ్గర పని చేస్తుంది. నిద్ర చాలక, ఆయన మత్తు సూది అడిగితే దూది అందించిందట. ఒకరి పన్ను ఎక్స్‌రే ఇంకొకరికి చూపించిందట. మరోసారి ఇలా జరిగితే ఇంట్లోనే పడుకోమ్మా అని ఆయన మెత్తగా చెప్పాడట. అక్క కూర గిన్నె బల్ల మీద పెడుతూ, ఇక మీదట గురక పెట్టేవాళ్లు హాల్లో పడుకోవాలి, పెట్టనివాళ్లు గదిలో తలుపేసుకుని పడుకోవాలి అని తేల్చేసింది.

"అయితే నీ దిండు సర్దుకో," అన్నాడు బావ.

"ఆ మాట మీ ముక్కుకి చెప్పండి."

బావ ఆ కోపంలోనే వెళ్లి తన బిళ్లలాంటిదే అక్కకీ కొనుక్కొచ్చాడు. రాత్రి చేతికుంటే ఆ బిళ్ల గురక కూడా పసిగట్టి, పొద్దున్నే ఎవరి బిళ్ల వాళ్ల ఫోనుకి చెప్పేస్తుందట. పక్కవాళ్ల గురక కలిసిపోదా అని అడిగితే, మణికట్టు అదురును బట్టి కనిపెడుతుందని షాపువాడు చెప్పాడన్నాడు. బిళ్లలు రెండూ కవలపిల్లలే. గుర్తుకి బావది నీలం పట్టీ, అక్కది ఎర్ర పట్టీ అనుకున్నారు. మధ్యవర్తిగా నన్ను కూర్చోబెట్టారు. పాలగిన్నెకి పిల్లిని కాపలా పెట్టడమంటే అదే.

సాయంత్రం రెండింటినీ వంటింటి అరలో చార్జింగుకి పెట్టారు. కాసేపటికి బావ, చార్జింగు ఎక్కుతోందో లేదో చూసొస్తానని వెళ్లి, ఈల వేసుకుంటూ తిరిగొచ్చాడు. ఆ తర్వాత మంచినీళ్ల వంకతో నేను వెళ్లాను.

నా చెయ్యి ఊరుకోదు. చిన్నప్పుడు అక్క జడని కుర్చీకి కట్టిన చెయ్యి అది. నీలం పట్టీలో బిళ్ల ఊడదీసి ఎర్రదానికి, ఎర్రదాన్లోది నీలానికి పెట్టేశాను. బావ మాట అబద్ధం కాదు, గుక్కెడు నీళ్లు తాగినంత సేపు పట్టలేదు. బావ గురకంతా అక్క ఫోన్లో బయటపడుతుంది, అక్క మొహం చూసి కడుపుబ్బా నవ్వుకుని అప్పుడు గుట్టు విప్పుదాం, ఇదీ నా ఎత్తు.

పొద్దున్నే ఫోన్లు రెండూ బల్ల మీదికొచ్చాయి. ముందు అక్కది చూశాను. గురక లేదు. నిద్ర కూడా లేదు. బావ ఫోను తెరిస్తే ఎర్ర గీతలు కొండల వరసలా లేచి ఉన్నాయి. కింద, డాక్టరుకి చూపించుకోండి అని సలహా.

నా నోట్లో కాఫీ నోట్లోనే ఉండిపోయింది. బావ ఫోను లాక్కుని తలకిందులుగా కూడా చూశాడు.

"అదెలా? నేనే దగ్గరుండి మార్చి..." అని మిగతాది మింగేశాడు.

"ఏం మార్చారు?" అంది అక్క.

"పట్టీ. రంగు నప్పలేదని."

అప్పుడు వెలిగింది నాకు. ఆ ఈల వెనక ఉన్నది చార్జింగు కాదు. నాకంటే ముందే ఆయన బిళ్లలు తారుమారు చేసొచ్చాడు. ఆయన అటు తిప్పినవాటిని నేను వెళ్లి మళ్లీ ఇటు తిప్పాను. ఇద్దరు దొంగలం కష్టపడి నిజాన్ని ఉన్నచోటే పెట్టామన్నమాట. బావ నన్ను చూశాడు, నేను బావని చూశాను. ఎవరు నోరు విప్పినా వాళ్ల దొంగతనమే ముందు బయటపడుతుంది. తేలు కుట్టిన దొంగల్లా ఇద్దరం కాఫీ తాగాం.

"తీర్పు చెప్పరా మధ్యవర్తీ," అంది అక్క.

"గది నీదేనక్కా," అన్నాను.

బావ దిండూ దుప్పటీ హాల్లోకొచ్చాయి. ఆయనకి సోఫా, నాకు కింద చాప. ఇన్నాళ్లూ తలుపు అవతల విన్నది ఇప్పుడు చెవి పక్కకొచ్చింది. వారం తిరిగేసరికి అక్క కళ్ల కింద నలుపు నా కళ్ల కిందికి మారింది, పట్టీ మారినంత సులువుగా. పళ్ల డాక్టరు ఇప్పుడు అక్కని ఏమీ అనడం లేదు.

మొన్న తను క్లినిక్ నుంచి వస్తూ దూది ఉండ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"చెవుల్లో పెట్టుకోరా. ఇంతకీ మీ ఇంటి రంగులు ఇంకా ఎండలేదా?"

"ఇవాళే ఎండాయక్కా," అని సంచి అందుకున్నాను.