అక్కయమ్మ కళ్ళజోడు

చింతామణి ఊరి సేవామండలి ప్రతి గురువారం సాయంత్రం ఐదున్నరకు సత్రంలో కలిసేది. కార్యదర్శి కేశవమూర్తి హైస్కూలు మేష్టరు. ఐదింటికే వచ్చి జంపఖానా పరిచి కూర్చునేవాడు. మిగతావాళ్ళు ఆరున్నరకు తీరిగ్గా వచ్చేవాళ్ళు.

అరవై ఒకటిలో మండలి కంటి శిబిరం పెట్టి పద్దెనిమిది మందికి శుక్లాలు తీయించింది. నెలన్నరకు బెంగళూరు నుంచి కళ్ళజోళ్ళు వచ్చాయి, ఒక్కోదానికి పేరు రాసిన చీటీతో. వచ్చినవి వచ్చినట్టే అధ్యక్షుడు గంగాధరప్ప బీరువాలోకి చేరాయి. ఎవరైనా పెద్దమనిషి వచ్చి పంచితేగాని మండలికి పేరు రాదని ఆయన పట్టు.

జోళ్ళొచ్చాక మూడో గురువారం, శుక్లాలు తీయించుకున్నవాళ్ళలో ఒకామె, అక్కయమ్మ, సాదలి పల్లె నుంచి మళ్ళీ వచ్చింది. పక్కింటామె చెయ్యి పట్టుకుని మెట్లెక్కింది.

"పట్టుపురుగు నాలుగో జరం లేచి, కడాపొర విడిచి నాలుగు దినాలయింది అయివారూ. ఆదివారానికి పండుతుంది. పండినదేదో పండనిదేదో చూసి, పండినదాన్నే గూడు కట్టను చంద్రిక తడిక మీద వెయ్యాల. కోడలు పురిటికి పోయుండాది. చూసేవాళ్ళు యాడుండారు నాకు?"

కేశవమూర్తి సభలో ఆ మాటే చెప్పాడు. అప్పటికి గంటసేపటి నుంచి జోళ్ళు పంచే సభ బ్యానరు మీద ఎవరి పేరు ముందుండాలన్న చర్చ నడుస్తోంది.

"ఆమె ఒక్కదానికైనా ఇద్దామప్పా."

"ఒకరికిస్తే అందరూ వస్తారు మేష్ట్రే," అన్నాడు గంగాధరప్ప.

"రావాలనే కదా తెప్పించింది."

"వచ్చే గురువారానికి అతిథి ఒప్పుకున్నారు. మూడు వారాలు ఆగినామె ఒక్క వారం ఆగదా?"

ఇప్పుడే ఇవ్వాలన్నవాళ్ళు చేతులెత్తమంటే కేశవమూర్తి చెయ్యి ఒక్కటే లేచింది. పైగా ఇవ్వకూడదన్న తీర్మానం రాయవలసినవాడూ తనే. కలం కాగితాన్ని చించేంత గట్టిగా ఒత్తి రాశాడు.

ఆదివారం పొద్దున్నే బస్సెక్కి సాదలి వెళ్ళాడు. అక్కయమ్మ తట్టల ముందు కూర్చుని వేళ్ళతో పురుగుల్ని తడుముతోంది.

"నేను చూసి చెబుతానమ్మా," అన్నాడు.

"ఒళ్ళు పసుపురంగుకి తిరిగి, లోపల వెలుగు ఆడతా ఉండాల. అదే పండింది."

అతనికి అన్నీ ఒకేలా కనిపించాయి. ఉన్న కళ్ళు ఎందుకూ పనికిరావని అంత స్పష్టంగా అతనికెప్పుడూ తెలియలేదు. మధ్యాహ్నం దాకా ఏరాడు. ఆమె తడిమి కొన్ని వెనక్కి తీయించింది. చాలావాటిని మాత్రం అతని మాట నమ్మి చంద్రికెక్కించింది.

గురువారం సభకు షామియానా వేశారు. పదిహేడు మంది పొద్దుటి నుంచి బెంచీల మీద కూర్చున్నారు. అతిథి రెండింటికి వచ్చాడు. అక్కయమ్మ రాలేదు.

"చూసినారా, పిలిచి ఇస్తామన్నా రారు. వీళ్ళకి చేసే సేవ ఇంతే," అన్నాడు గంగాధరప్ప, మైకు ముందే.

కేశవమూర్తి లేచి బల్ల దగ్గరికి వెళ్ళాడు. అక్కయమ్మ చీటీ ఉన్న జోడు తీసి జేబులో వేసుకున్నాడు. అతిథి ఉపన్యాసం ఆపి చూశాడు.

"మేష్ట్రే, ఫోటో ఇంకా తీయలేదు," అని గంగాధరప్ప పళ్ళ బిగువున అన్నాడు.

"మీరు తీసుకోండి," అని అతను బస్టాండు వైపు నడిచాడు.

సాదలి చేరేసరికి అక్కయమ్మ వాకిట్లో చంద్రిక నుంచి పట్టుగూళ్ళు విడదీస్తోంది. జోడు ఆమె చెవులకు తనే తగిలించాడు. ఆమె తల వంచి ఒడిలోని గూళ్ళను చూసింది. ఒక గూడు ఎత్తి వేళ్ళ మధ్య నొక్కింది. దారం చాలక ఉల్లిపొరలా అణిగిపోయింది. ఇంకొకటి నొక్కింది. చంద్రిక కింద నల్లబడి చచ్చిన పురుగులు చారెడు ఉన్నాయి.

"పండకముందే ఎక్కిచ్చినాము," అంది. "ఈ జోడు ఆదివారం ఉండింటే ఇట్లయ్యేది కాదు."

"నాకు తెలియలేదమ్మా."

"నీకెట్ల తెలుస్తుందిలేప్పా."

ఆమె మాటలో కోపం లేదు. అదే అతనికి ఇంకా కష్టంగా ఉంది. గట్టి గూళ్ళు ఒక పక్కకు, పల్చటివి ఒక పక్కకు చకచకా ఏరడం మొదలుపెట్టింది. పల్చటి కుప్పే పెరుగుతోంది. కేశవమూర్తి సాయం చేద్దామని చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.