జూకి ఇచ్చేసిన కొండముచ్చు

విశాఖలో చుట్టాల పెళ్ళి అనగానే దీప్తి అడిగిన మొదటి మాట, జూ కూడా అక్కడే కదా అని. ఆ మాటకు రాఘవేంద్ర ముఖంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. చీరలు సర్దే హడావుడిలో ఉన్న సుష్మ అది కనిపెట్టలేదు. పైగా మొగుణ్ణే దెప్పింది. "పిల్ల నాలుగు నెలలుగా పోరుతోంది. ఎలాగూ దసరా సెలవులే. ఒక్క పూట జూ చూపిస్తే మీ వ్యాపారమేం మునిగిపోదు లెండి" అంది.

దీప్తికి జూలో ఏనుగూ అక్కర్లేదు, పులీ అక్కర్లేదు. కావలసిందల్లా బుల్లోడు.

బుల్లోడంటే కొండముచ్చు. నూజివీడు చుట్టుపక్కల మామిడితోటలకు పురుగుకన్నా కోతుల బాధ ఎక్కువ. పిందె పట్టినప్పటి నుంచీ మందలు మందలుగా వచ్చి పడతాయి. తినేది తక్కువ, కొరికి పారేసేది ఎక్కువ. కొండముచ్చు ఉంటే మాత్రం ఆ ఛాయలకు రావు. అందుకని తోటలు లీజుకు పట్టే వ్యాపారులు కొందరు ఎక్కడినుంచో ఒక కొండముచ్చును కొనుక్కొచ్చి, కోతలు అయిపోయేదాకా తోటలో చెట్టుకు కట్టేస్తారు. అలా కట్టకూడదని చట్టముంది. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరికీ పట్టదు.

రాఘవేంద్ర, అతని తండ్రి శేషగిరిరావు కలిసి రెడ్డిగూడెం దగ్గర పట్టిన తోట కోసం చింతలపూడి వైపు నుంచి తెచ్చిన కొండముచ్చుకు బుల్లోడని పేరు పెట్టింది ఎనిమిదేళ్ళ దీప్తే. వేసవి సెలవుల్లో పిల్లలంతా ఊళ్ళు తిరుగుతారు. మామిడి వ్యాపారి ఇంట్లో సరిగ్గా అప్పుడే ఊపిరాడని సీజను. ఎక్కడికీ తీసుకెళ్ళే తీరిక లేక తండ్రి పొద్దున్నే బండి మీద ఎక్కించుకుని తోటకు తీసుకెళ్ళేవాడు. బుల్లోడు దీప్తి చేతిలోంచి వేరుశనక్కాయలు ఒక్కొక్కటే అందుకుని ఒలుచుకు తినేవాడు. కడుపు నిండాక జడ పట్టుకుని పేలు వెతికేవాడు. వాడి ఎడమచెవి సగందాకా చిరిగి ఉండేది.

తోట ఖాళీ అయ్యాక వాణ్ణి జూకి ఇచ్చేశామని చెప్పాడు రాఘవేంద్ర. సుష్మా నమ్మింది. ఈ మనిషి ఇన్నాళ్ళకు ఒక మంచిపని చేశాడనుకుని వీధి వీధంతా చెప్పుకుంది కూడా.

పెళ్ళి మర్నాడు నలుగురూ జూకి వెళ్ళారు. జిరాఫీ దగ్గర ఆగుదామంటే దీప్తి ఆగనివ్వలేదు. తల్లి చెయ్యి పట్టి లాక్కుంటూ బోర్డులు చదువుకుంటూ కొండముచ్చుల దగ్గరికి చేరింది. వలకు ముఖం ఆనించి "బుల్లోడా!" అని పిలిచింది. ఒక్కొక్క కొండముచ్చునూ పట్టి పట్టి చూసింది. మళ్ళీ మొదటి నుంచీ చూసింది.

"అమ్మా, మనోడు లేడు."

"లేకపోవడమేంటే?" అన్నాడు శేషగిరిరావు. "అదిగో, కొమ్మ మీద తోక వేలాడేసి కూర్చున్నాడే, వాడే."

"వాడికి రెండు చెవులూ బానే ఉన్నాయి తాతయ్యా."

"ఇక్కడ డాక్టర్లుంటారమ్మా. కుట్లేసి నయం చేసుంటారు."

దీప్తి తండ్రి ముఖంలోకి చూసింది. రాఘవేంద్ర సెల్‌ఫోను తీసి ఏదో చూసుకుంటూ "అవునమ్మా, వాడే. తిండి బాగా పెడుతున్నారుగా, ఒళ్ళు చేశాడు. అందుకే నీకు ఆనవాలు తెలీట్లేదు" అన్నాడు.

"మరి పిలిస్తే రావట్లేదేంటి?"

"మర్చిపోయుంటాడు. జంతువులకేం గుర్తుంటుంది?"

దీప్తి మళ్ళీ వల వైపు తిరిగింది. చాలాసేపు చూసింది. "నేనే మర్చిపోయానేమో" అంది చివరికి, గొంతు తగ్గించి.

ఆ మాటకు సుష్మకు అరికాలిమంట నెత్తికెక్కింది. తన కూతురి సంగతి తనకు తెలీదా? వీధిలో బండి శబ్దం విని ఎవరొచ్చారో చూడకుండా చెప్పే పిల్ల. అలాంటి పిల్ల తన కళ్ళను తనే అనుమానించుకుంటోంది. ఇద్దరు పెద్దవాళ్ళు చెరో పక్కా నిలబడి, చిరిగిన చెవి అతుక్కుందని, లేనివాడు ఉన్నాడని నమ్మిస్తున్నారు. ఎందుకు? అనుమానం ఇంత కాదు, కొండంత అయింది.

"మావయ్యగారూ, పిల్లని చూస్తూ ఉండండి" అని చెప్పి, మొగుణ్ణి మంచినీళ్ళ కుళాయి దగ్గరికి తీసుకుపోయింది.

"బుల్లోడెక్కడ?"

"అదే, చూపించాంగా."

"నా మొహం చూసి చెప్పండి. మీరు దాన్ని జూకి ఇవ్వలేదు. అవునా?"

రాఘవేంద్ర అటూ ఇటూ చూశాడు. "వాడు పోయాడు సుష్మా" అన్నాడు.

"ఎలా పోయాడు?"

"ఆఖరి లోడు ఎక్కించి మేం వచ్చేశాం. కాపలా వీరయ్య విప్పి ఎవరికైనా ఇచ్చేస్తాడనుకున్నా. ఆయనేమో నేను మనిషిని పంపిస్తాననుకుని వాళ్ళ ఊరెళ్ళిపోయాడు. కాయ లేని తోటలోకి ఎవరు పోతారు చెప్పు? మర్చిపోయిన టార్పాలిన్ పట్టా ఒకటి తెచ్చుకుందామని వారం దాటాక వెళ్ళా."

"కట్టేసే ఉన్నాడా?"

అతను తలూపాడు. "తాడు అందినంత మేరా నేలంతా గీరేసి ఉంది. నాన్నా నేనూ కలిసి పాతిపెట్టాం."

సుష్మకు ఆ రోజులు గుర్తొచ్చాయి. రోహిణి ఎండల తర్వాత వానచుక్క పడని జూన్ నెల అది. ఇంట్లో ఏసీ సరిగ్గా పనిచెయ్యట్లేదని ఈ మనిషి మెకానిక్‌ని తిట్టిన నెల. ఆ రోజుల్లోనే వాడు నోరు పిడచకట్టి, ఎవరైనా రాకపోతారా అని దారి చూస్తూ కూర్చున్నాడు.

"అసలు వీరయ్యదే తప్పు" అన్నాడు రాఘవేంద్ర. "కాపలా వాడికి ఆమాత్రం..."

"సిగ్గులేదూ ఆ మాట అనడానికి!" సుష్మ గొంతు లేచింది. "వీరయ్య కొనుక్కొచ్చాడా వాణ్ణి? వీరయ్య కట్టమన్నాడా? నిచ్చెనలు తెచ్చుకున్నారు, బుట్టలు తెచ్చుకున్నారు, ఆఖరికి చిరుగుపట్టా కోసం కూడా వెనక్కెళ్ళారు. ప్రాణమున్నదాన్ని మాత్రం చెట్టుకొదిలేసి వచ్చారు!"

"అరవకు, జనం చూస్తున్నారు."

"చూడనివ్వండి. జంతువుల్ని చూడ్డానికే కదా వచ్చారు."

ఆ గొడవ విని శేషగిరిరావు మనవరాలి చెయ్యి పట్టుకుని గబగబా వచ్చాడు. "ఏంటమ్మా ఇది నలుగురిలో? పోనీలే, ఏదో పొరపాటు జరిగింది. పిల్ల సంతోషంగా ఉంది, ఎందుకు చెడగొడతావు?"

"సంతోషంగా ఉందా? దాని మొహం చూశారా మావయ్యగారూ?" సుష్మ ఏనాడూ మామగారికి ఎదురు చెప్పలేదు. ఈ రోజు ఆగే ఓపిక లేదు. "మొదటిసారి అబద్ధమాడారు, సరే. ఇవాళ అది నిజం కనిపెడితే, దాని కళ్ళదే తప్పన్నారు. రేపు ఇంకెవరైనా ఇలాగే నమ్మబలికితే కూడా నేనే మర్చిపోయానేమో అనుకోవాలా?"



"మీరే చెప్పండి దానికి" అంది మొగుడితో. "నేను చెప్పను. మీ నోటితో మీరే చెప్పాలి."

రాఘవేంద్ర తండ్రి వైపు చూశాడు. అక్కడ సాయం దొరకలేదు. మోకాళ్ళ మీద కూర్చుని కూతురి రెండు చేతులూ పట్టుకున్నాడు. వాడు బుల్లోడు కాదమ్మా అన్నాడు. చెట్టు దగ్గర మర్చిపోయామన్నాడు. నీళ్ళు లేని సంగతీ, గీరేసిన నేల సంగతీ చెప్పలేదు, వాడు చచ్చిపోయాడని మాత్రం చెప్పాడు. దీప్తి వింటోంది. ఏడవలేదు. ఆ ఏడవకపోవడం చూసి భయపడ్డాడో ఏమో, అడక్కుండానే ఇంకా చెప్పుకుపోయాడు.

"కావాలని చేసింది కాదు తల్లీ. ఆఖరి లోడు పంపించి ఇంటికి రాగానే బుల్లోడేడని నువ్వడిగావు చూడూ, అప్పుడు నేను ఫోన్లో హైదరాబాద్ సేటుతో రేటు మాట్లాడుతున్నా. వీరయ్య దగ్గరే ఉంటాడులే అనుకున్నా. నువ్వు ఊరికే విసిగిస్తున్నావని, జూకి ఇచ్చేశామని నోటికొచ్చింది చెప్పేశా. అంతే."

ఈ సంగతి సుష్మకూ తెలీదు. లోపల ఇంకా మండటానికి చోటు మిగిలి ఉందని అప్పుడే తెలిసింది.



"నాన్నా, నేనడిగినప్పుడు వాడు బతికే ఉన్నాడా?"

శేషగిరిరావు జేబురుమాలు తీసి కళ్ళద్దాలు తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

"అడుగుతోందిగా, చెప్పండి" అంది సుష్మ.

"ఉన్నాడమ్మా" అన్నాడు రాఘవేంద్ర.

దీప్తి తన చేతులు రెండూ వెనక్కి లాక్కుంది.